చిన్న కంపెనీల్లో లీన్, గ్రీన్ పద్ధతులను అంచనా వేయడానికి చెక్‌లిస్టు సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల్లో మీ కంపెనీకి విడిభాగాలు చేసి పంపే యూనిట్లు 14 ఉన్నాయి. వాటిలో లీన్ పద్ధతులు (తయారీలో వృథాను తగ్గించేవి), గ్రీన్ పద్ధతులు (పర్యావరణానికి హాని తగ్గించేవి) ఏ మేరకు అమలవుతున్నాయో చూసి, ఒక్కో యూనిట్‌కు ఒకే మార్కు వేసి ఇవ్వమని మీ పైవాళ్ళు అడిగారు. మీ చేతిలో 60 ప్రశ్నల చెక్‌లిస్టు ఉంది. దాన్ని నింపి సగటు తీస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం. వాటిలో రెండు యూనిట్లు ప్లేటింగ్ పనిని, అంటే ముక్కలకు లోహపు పూత వేసే పనిని, బయటికి పంపుతున్నాయని కూడా మాటల మధ్యలో రాశారు. ఆ సంగతిని చివర్లో ప్రత్యేకంగా చెబుతాను.

సూటిగా జవాబు చెప్పాలంటే, సరిపోదు. చెక్‌లిస్టుతో కాకుండా తూకంతో మొదలుపెట్టండి. ఒక్కో యూనిట్‌లో ఎక్కువగా తయారయ్యే భాగాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని, దానికోసం కొన్న లోహంలో, కరెంటులో, నీటిలో, రసాయనాల్లో ఎంత మంచి ముక్కగా గేటు దాటిందో, ఎంత వేరే దారిన పోయిందో ముందు లెక్క తేల్చండి. పద్ధతుల గురించి ఆ తరువాత అడగండి. ఏ పద్ధతి ఆ లెక్కను మార్చిందో దానికి మాత్రమే మార్కు వేయండి. లీన్‌కు ఒక మార్కు, గ్రీన్‌కు ఒక మార్కు విడివిడిగా ఇవ్వండి. రెండూ కలిపి సగటు తీయకండి.

నేను పదకొండేళ్ళు మెషిన్ షాపులో ప్రొడక్షన్ వైపు పనిచేసి, ఆ తరువాత సప్లయర్ల అంచనా పనిలోకి వచ్చాను. మొదటి రెండు మూడేళ్ళు నేను కూడా చెక్‌లిస్టు పట్టుకునే తిరిగాను. కింద రాసేదాంట్లో చాలా భాగం అప్పుడు నేను వేసిన తప్పు మార్కుల నుంచి నేర్చుకున్నదే.

ఒక యూనిట్ సంగతి చెబుతాను. నేలంతా ఎపాక్సీ పెయింటు, నడిచే దారికి పసుపు గీతలు, గోడమీద ప్రతి స్పానరుకూ దాని ఆకారంలో గీసిన గుర్తు, ఎక్కడ చూసినా బోర్డులు. సర్దుబాటు, శుభ్రత చూసే 5ఎస్ విభాగంలో నిండు మార్కులు వేసి వచ్చాను. వేరే పనిమీద ఒక ఆదివారం అక్కడికే మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. షాపులో ఒక్క మెషినూ నడవడం లేదు, వాచ్‌మన్ తప్ప మనిషి లేడు, కానీ వెనక షెడ్డులో, మెషిన్లకు ఒత్తిడితో గాలి పంపే కంప్రెసరు మాత్రం ఆగి ఆగి లోడవుతోంది, అంటే తగ్గిన గాలిని మళ్ళీ నింపుతోంది. శనివారం రాత్రి దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను గడియారం చూసుకుంటూ పావుగంట అక్కడే నిలబడ్డాను. ప్రతి ఐదు నిమిషాల్లో నిమిషంన్నర పాటు లోడులో ఉంటోంది. అంటే, గాలి వాడే మనిషే లేని రోజున కంప్రెసరు సామర్థ్యంలో 30 శాతం లీకులకు పోతోందన్నమాట. అది 37 కిలోవాట్ల కంప్రెసరు. ఏడాదికి 6,000 గంటలు నడిచే షాపులో దాదాపు 11 కిలోవాట్లు ఇలా పోతుంటే 66,000 పైచిలుకు యూనిట్ల కరెంటు, యూనిట్ ఏడున్నర రూపాయల చొప్పున చూస్తే సుమారు ఐదు లక్షల రూపాయలు. మన గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకున్నా, ఏడాదికి 46 టన్నులు.

విచిత్రమేమిటంటే, నా చెక్‌లిస్టులో ఆ ప్రశ్న కూడా ఉంది. ‘గాలి లీకుల తనిఖీ జరుగుతోందా?’ అని అడిగాను, ‘ప్రతినెలా జరుగుతోంది’ అన్నారు, రిజిస్టరు కూడా చూపించారు. పన్నెండు నెలల ఎంట్రీలూ ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, ‘ఓకే’ అని ఉన్నాయి. అది చూసికూడా నేను మార్కు వేశాను. కాబట్టి లోపం ప్రశ్నల్లో ఉందని నేను అనను. ‘ఉందా, లేదా’ అని అడిగితే ప్రతి కంపెనీ ఉందనే చెబుతుంది, అలా చెప్పడానికి తగిన కాగితం కూడా సిద్ధంగా ఉంచుకుంటుంది. 7 బార్ ఒత్తిడి దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే దాదాపు మూడున్నర కిలోవాట్లు తినేస్తుంది, దానికి రిజిస్టరుతో సంబంధం లేదు.

తూకం ఎక్కడ మొదలుపెట్టాలి? నేనిప్పుడు యూనిట్‌కు వెళ్ళగానే కాన్ఫరెన్స్ గదిలో కూర్చోను. టీ తరువాత తాగుదామని చెప్పి, నేరుగా వెనక గోడ దగ్గరికి, స్క్రాప్ పోగేసే చోటికి వెళతాను. అక్కడ చూడవలసినవి చాలా ఉంటాయి. మెషిన్ కోసినప్పుడు రాలే చిప్స్ లోహాలవారీగా వేరుగా ఉన్నాయా, అన్నీ కలిసిపోయి ఉన్నాయా? వాటికి అంటిన కూలెంట్ (కోతలో వేడి తగ్గించే ద్రవం) కారిపోయేలా జల్లి తొట్టెలో వేశారా, మట్టినేల మీదే పోసి నల్లటి మరక చేశారా? రిజెక్ట్ ముక్కల మీద తారీఖు, కారణం రాసి ఉన్నాయా? టార్పాలిన్ కింద ఏముంది? ఇన్‌స్పెక్షన్ వస్తోందని ముందురోజు సర్దిన షాపుఫ్లోర్ ఎంత అందంగా ఉన్నా, స్క్రాప్ యార్డును సర్దడం ఎవరికీ గుర్తుండదు.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ ఇస్తాను, అంకెలను సులువు కోసం గుండ్రంగా తీసుకుంటున్నాను. స్టీలు బార్ నుంచి బుష్‌లు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న గొట్టంలాంటి భాగాలు, తీసే షాపు. 1,000 కిలోల బార్ కొంటే మంచి బుష్‌లుగా 540 కిలోలు వెళ్ళాయి, చిప్స్ 410 కిలోలు, రిజెక్షన్ 30 కిలోలు, బార్ చివరి ముక్కలు 20 కిలోలు. షాపు బోర్డు మీద కనిపించేది ఆ 30 కిలోల రిజెక్షన్ మాత్రమే, తయారైన ముక్కల్లో ఐదు శాతానికి కాస్త పైన. మీటింగులూ, కైజన్ (చిన్న చిన్న మెరుగుదలల) ఫోటోలూ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. 410 కిలోల చిప్స్‌ను మాత్రం ఎవరూ వృథా అనరు, ‘అది ప్రాసెస్ అండీ’ అంటారు. కానీ ఆ 410 కిలోలను కోయడానికి కరెంటు కాలింది, టూల్ అరిగింది, కూలెంట్ ఖర్చయింది, మనిషి సమయం పట్టింది. లోపలి రంధ్రం ఎలాగూ తొలిచి పారేసేదే అయినప్పుడు, ఘనమైన బార్‌కు బదులు బోలు బార్ కొనలేమా అని అక్కడ ఎవరూ అడగలేదు. పారేసే పదార్థం మీద కూడా కరెంటు, కూలి ఖర్చులు వేసి లెక్కగట్టే ఈ పద్ధతికి ఐఎస్‌ఓ 14051 అని 2011లో ప్రమాణం వచ్చింది. జర్మనీలో పుట్టిన ఆలోచన, జపాన్ కంపెనీల్లో బాగా వ్యాపించింది. మీరు ఆ ప్రమాణం మొత్తం చదవనక్కరలేదు. కొనుగోలు బిల్లులు, డిస్పాచ్ చలాన్లు, స్క్రాప్ అమ్మకం బిల్లులు మూడు నెలలవి తీసుకుని కూర్చుంటే ఒక పూటలో తేలిపోతుంది. అన్నీ కలిపితే కొన్న బరువుకు రెండు మూడు శాతం తేడాలో సరిపోవాలి. అంతకన్నా పెద్ద తేడా వస్తే, కాటా సరిగా లేకపోవచ్చు, లేదా స్క్రాప్ బిల్లు లేకుండా గేటు దాటుతూ ఉండవచ్చు. రెండోది మీరు తేల్చవలసిన విషయం కాదు, యజమానికి చెప్పి ఊరుకోండి.

ఇక లీన్, గ్రీన్ రెండింటి మధ్య బంధం. రెండూ వృథాను తగ్గించేవే కాబట్టి లీన్ బాగుంటే గ్రీన్ దానంతటదే వస్తుందని చాలామంది నమ్ముతారు, మీ చెక్‌లిస్టు కూడా అలాగే రాసినట్టుంది. ఇది సగం నిజం. టయోటాలో తైచి ఓనో వర్గీకరించిన ఏడు వృథాలను ఒకసారి గుర్తుచేసుకోండి: అవసరానికి మించిన ఉత్పత్తి, నిరీక్షణ, రవాణా, అనవసర ప్రాసెసింగ్, నిల్వలు, అనవసర కదలికలు, లోపాలు. ఇందులో నీరు లేదు, కరెంటు లేదు, మురుగు లేదు. లోపభూయిష్టమైన ముక్క తగ్గితే దానికి పట్టిన కరెంటు కూడా మిగులుతుంది, నిజమే. నిల్వ తగ్గితే తుప్పుపట్టి పారేసేది తగ్గుతుంది, అదీ నిజమే. కానీ సమయాన్ని ఆదా చేసే ప్రతి మార్పూ పదార్థాన్ని ఆదా చేస్తుందన్న హామీ ఎక్కడా లేదు. ఓఈఈ (మెషిన్ నడిచిన సమయం, వేగం, నాణ్యత కలిపి చూసే అంకె) 85 శాతం ఉన్న మెషిన్ కూడా గంటకు ఎన్ని లీటర్ల కూలెంట్ తాగుతోందో ఆ అంకెలో కనిపించదు.

ఈ తేడా నాకు బాగా అర్థమైంది ఒక జింక్ ప్లేటింగ్ షాపులో. అక్కడ కార్మికుడు జిగ్‌ను (ముక్కలు తగిలించే చట్రాన్ని) ట్యాంకులోంచి పైకెత్తి, ట్యాంకు మీదుగా వేసిన పైపుకు తగిలించి, పది పన్నెండు సెకన్లు ఊరకే నిలబడి, ఆ తరువాత జాడింపు ట్యాంకులో ముంచేవాడు. లీన్ అమలుకని వచ్చిన కన్సల్టెంటు స్టాప్‌వాచ్‌తో చూసి, ఆ పది సెకన్లను ‘నిరీక్షణ’ అని రాసుకుని, మూడు సెకన్లకు కుదించాడు. ప్లేటింగ్ ట్యాంకు దగ్గరా అంతే, తరువాతి పాసివేషన్ (పూత మీద రక్షణ పొర వేసే) ట్యాంకు దగ్గరా అంతే. షిఫ్టుకు పడే జిగ్‌ల సంఖ్య పెరిగింది, ముందు-తరువాత ఫోటోలు గోడెక్కాయి. నేను వెళ్ళినప్పుడు లీన్ విభాగంలో ఆ మార్పుకు మంచి మార్కే వేయవలసి వచ్చేది, స్టోర్స్ ఇష్యూ రిజిస్టరు తిరగేయకపోతే. మార్పు చేసిన రెండో నెల నుంచి మురుగునీటి శుద్ధికి వాడే సోడియం మెటాబైసల్ఫైట్, సున్నం ఇష్యూలు పెరుగుతూ వచ్చాయి. దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే స్లడ్జ్ (మురుగు శుద్ధిలో మిగిలే బురద) తూకం కూడా పెరిగింది. ఉత్పత్తి పెరిగిన నిష్పత్తికన్నా ఇవి ఎక్కువ పెరిగాయి.

కారణం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. సబ్బునీళ్ళు పిండకుండా బట్టలను జాడింపు బకెట్‌లో ముంచితే ఎన్ని బకెట్ల నీళ్ళు పడతాయో బట్టలు ఉతికిన ఎవరినడిగినా చెబుతారు. ముక్కలకు అంటుకుని బయటికి వచ్చే ద్రావణాన్ని ప్లేటింగ్‌వాళ్ళు డ్రాగ్-అవుట్ అంటారు. ఆ పది సెకన్లలో అది కారి తిరిగి ట్యాంకులోనే పడుతుంది. కారనివ్వకపోతే, డబ్బుపెట్టి కొన్న రసాయనం జాడింపు నీటిలోకి, అక్కడి నుంచి మురుగులోకి పోతుంది. దాన్ని తటస్థం చేయడానికి మరో రసాయనం కొనాలి, చివరికి వచ్చిన స్లడ్జ్‌ను పంపించడానికి మళ్ళీ డబ్బు కట్టాలి. ఆ పది సెకన్లు నిరీక్షణ కాదు, పనే. స్టాప్‌వాచ్‌కు మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అదే షాపులో నీటి లెక్క కూడా వేశాం. గంటకు ఒక లీటరు డ్రాగ్-అవుట్ వస్తోందనీ, ముక్క శుభ్రం కావాలంటే అది వెయ్యి రెట్లు పలచబడాలనీ అనుకోండి. జాడింపు ట్యాంకు ఒక్కటే ఉంటే గంటకు 1,000 లీటర్ల నీరు పారాలి. రెండు ట్యాంకులు పెట్టి, ముక్కలు ఒక దిశలో వెళుతుంటే నీరు ఎదురుదిశలో వచ్చేలా కలిపితే, లెక్కప్రకారం 1,000కి వర్గమూలం, అంటే 32 లీటర్లు చాలు. మూడు ట్యాంకులైతే ఘనమూలం, పది లీటర్లు. వాస్తవంలో ట్యాంకులో నీరు అంత బాగా కలవదు కాబట్టి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది, అయినా వెయ్యితో పోల్చే అంకె కాదు. డ్రాగ్-అవుట్ రెట్టింపైతే ఈ అంకెలన్నీ రెట్టింపవుతాయి. అందువల్ల ప్లేటింగ్ షాపులో గ్రీన్ మార్కు వేయడానికి నేను చూసేవి మూడే: కారడానికి ఎంతసేపు ఇస్తున్నారు, జాడింపు ఎన్ని అంచెల్లో జరుగుతోంది, చదరపు మీటరు ప్లేటింగ్‌కు ఎన్ని లీటర్ల నీరు పడుతోంది. ఇవి బాగుంటే మురుగు శుద్ధి ప్లాంటు (ఈటీపీ) దానంతటదే చిన్నదవుతుంది. ఇవి చూడకుండా ‘మా ఈటీపీ సామర్థ్యం ఇంత’ అని గొప్పగా చూపించే షాపును నేను మెచ్చుకోను, మురుగు అంత వస్తోందని ఒప్పుకున్నట్టే కదా.

ఇలాంటి లాగులాటలు ఇంకా ఉన్నాయి. పెయింటింగ్, పౌడర్ కోటింగ్ ఉన్నచోట బ్యాచ్ చిన్నదయ్యేకొద్దీ రంగు మార్చే సార్లు పెరుగుతాయి, మార్చిన ప్రతిసారీ గన్ను, హోసు కడిగిన సాల్వెంట్, ఊడ్చిన పౌడర్ పోతాయి. షిగియో షింగో రూపొందించిన సెటప్ తగ్గింపు పద్ధతి (ఒక పని నుంచి మరో పనికి మెషిన్‌ను మార్చే సమయాన్ని తగ్గించేది) ప్రకారం మార్పిడి పది నిమిషాల లోపు అయిందా లేదా అని అందరూ అడుగుతారు. నిమిషాలు అడుగుతారు, లీటర్లు అడగరు. మీరు రెండూ అడగండి. లేత రంగు నుంచి ముదురు రంగుకు వరస వేసుకునే షాపు ఈ రెండింటినీ కలిపి ఆలోచించిందని అర్థం.

రవాణా సంగతి ఇంకా ఇబ్బందికరం, ఎందుకంటే అందులో సగం తప్పు మీ వైపే ఉంటుంది. నిల్వలు ఉంచవద్దని, రోజుకు రెండుసార్లు సరుకు పంపమని కొనే కంపెనీ అడుగుతుంది. సప్లయరు సగం కూడా నిండని చిన్న ట్రాలీ ఆటోను రోజుకు రెండు ట్రిప్పులు తిప్పుతాడు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ కంపెనీ నిల్వల అంకె తగ్గి, ఆ భారం అతని డీజిల్ ఖర్చుగా మారింది. దాన్ని అతని గ్రీన్ మార్కులోంచి కోయడం న్యాయం కాదు. ఒకే దారిలో ఉన్న నాలుగైదు యూనిట్లకు కలిపి ఒకే బండి తిరిగేలా ఏర్పాటు చేయవలసింది మీ కంపెనీయే, నివేదికలో ఆ మాట రాయండి. మీ పైవాళ్ళకు రుచించకపోవచ్చు.

కరెంటు బిల్లును ముక్కలతో భాగించి ఊరుకోకండి. ‘ముక్కకు ఇన్ని యూనిట్లు’ అన్న అంకె ఆర్డర్లు తగ్గిన నెలలో ఎలాగూ పెరుగుతుంది, ఆర్డర్లు పెరిగితే ఏమీ చేయకుండానే తగ్గుతుంది. అలా తగ్గినదాన్ని తమ ఘనతగా చూపించిన కంపెనీలను ఎన్నో చూశాను. దానికి బదులు 12 నుంచి 24 నెలల అంకెలు తీసుకుని, అడ్డంగా ఆ నెల ఉత్పత్తి, నిలువుగా కరెంటు యూనిట్లు పెట్టి చుక్కలు వేయండి, వాటి మధ్యగా ఒక గీత గీయండి. ఆ గీత ఉత్పత్తి సున్నా దగ్గర ఎంత ఎత్తులో తగులుతుందో అది ఏమీ తయారు చేయకపోయినా కాలే కరెంటు: లీకులు, ఊరకే తిరిగే మోటార్లు, లైట్లు, ఏసీలు. గీత వాలు ఎంత ఉందో అది నిజంగా ముక్కకు పట్టే కరెంటు. మెరుగుదల ఎక్కడ వచ్చిందో, అసలు వచ్చిందో లేదో ఈ చిత్రంలో దాచలేరు. డీజిల్ జనరేటర్ ఉంటే దాని యూనిట్లను కూడా కలపడం మరచిపోవద్దు. పైకప్పు మీద సోలార్ ఉంటే దాని ఉత్పత్తినీ కలపండి, లేకపోతే లీకులన్నీ సోలార్ నీడలో దాక్కుంటాయి.

కాగితాల్లో నేను తప్పక అడిగేవి తక్కువే. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఆపరేషన్ అనుమతి పత్రం మొదటిది, అందులో అనుమతించిన ఉత్పత్తినీ నీటి వాడకాన్నీ నిజమైన అంకెలతో పోల్చవచ్చు. రెండోది ఏటా సెప్టెంబరు 30లోగా మండలికి ఇవ్వవలసిన పర్యావరణ నివేదిక, ఫారం 5. మన అధికారిక ఫారాల్లో నాకు నచ్చినది ఇదొక్కటే. తయారైన ఒక్కో వస్తువుకు ఎంత నీరు, ఎంత ముడిసరుకు పట్టిందో గత ఏడాదితో పోల్చి రాయమని అందులోనే అడుగుతుంది. చాలామంది కన్సల్టెంటు చేత నింపించి సంతకం పెట్టి పంపేస్తారు. దాని నకలు తెరిచి, అందులోని అంకెకూ మీ తూకానికీ తేడా ఎందుకొచ్చిందని మర్యాదగా అడగండి. ఆ జవాబు విన్నాక ఇక పది ప్రశ్నలు అడగనక్కరలేదు. మూడోది ప్రమాదకర వ్యర్థాలు పంపినప్పటి మానిఫెస్టులు (రవాణా పత్రాలు), వాటిమీద తూకాలు ఉంటాయి. అన్నట్టు, అనుమతి పత్రంలో రెడ్ కేటగిరీ (కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమల వర్గం) అని ఉన్నంతమాత్రాన మార్కు కోయకండి. అది ఆ పరిశ్రమ స్వభావాన్ని చెబుతుందే తప్ప ఆ యజమాని నడవడికను చెప్పదు.

సర్టిఫికెట్ల గురించి కూడా మీరు అడిగారు. ఐఎస్‌ఓ 14001 ఉందంటే పర్యావరణ నిర్వహణకు ఒక వ్యవస్థ ఉందని అర్థం. ముక్కకు ఇన్ని లీటర్లు మించకూడదని ఆ ప్రమాణం ఎక్కడా చెప్పదు. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే జెడ్ సర్టిఫికెట్‌లో కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు మెట్లున్నాయి. కాంస్యానికి చూసేవి ఐదు అంశాలే, శక్తి, పర్యావరణం రజతం దగ్గర వస్తాయి, సహజ వనరుల పొదుపు స్వర్ణం దగ్గరే వస్తుంది. కాబట్టి కాంస్య పత్రం చూసి గ్రీన్ మార్కు వేస్తే అది పొరపాటే. 2023 మార్చిలో మొదలైన కేంద్ర లీన్ పథకంలో అమలు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. మంచి పథకం, మీ 14 యూనిట్లలో లేనివాళ్ళకు చెప్పండి. కానీ పథకంలో చేరడం వేరు, షాపులో మార్పు నిలబడడం వేరు. హైదరాబాదులోని సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇచ్చే గ్రీన్‌కో రేటింగ్ వీటన్నిటికన్నా లోతుగా అంకెలు చూస్తుంది, అయితే మీరు చెప్పిన పరిమాణం ఉన్న యూనిట్లలో అది అరుదు. సర్టిఫికెట్ ఉంటే నేను అదనపు మార్కు వేయను. దానికోసం వాళ్ళు తయారుచేసిన రికార్డులు చూస్తాను, పని త్వరగా అవుతుంది.

మార్కు వేసే తీరు. ప్రతి పద్ధతికీ సున్నా నుంచి నాలుగు వరకు మెట్లు పెట్టుకోండి. అసలు లేకపోతే సున్నా, కాగితం మీదే ఉంటే ఒకటి, ఒక లైనులోనో ఒక షిఫ్టులోనో ఉంటే రెండు, అన్ని షిఫ్టుల్లో ఉండి అంకెలు రాస్తుంటే మూడు, ఆ అంకె చూసి ఏదైనా మార్చి, ఆ మార్పు కనీసం ఆరు నెలలు నిలిచి ఉంటే నాలుగు. రెండుకూ మూడుకూ మధ్య తేడా తేల్చాలంటే రెండో షిఫ్టు మొదలయ్యేవరకు ఆగి, మేనేజరు లేకుండా ఆపరేటరుతోనో హెల్పరుతోనో మాట్లాడాలి. నేను అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇది చివరిసారి ఎప్పుడు తప్పింది? అప్పుడేం చేశారు?’ నిజంగా జరుగుతున్న పద్ధతి ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. ఎప్పుడూ తప్పలేదన్నవారికి ఒకటే వేస్తాను.

ఏ అంశానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నదానికి జంటలుగా పోల్చే ఏహెచ్‌పీ పద్ధతినో, ఫజీ లాజిక్‌నో వాడమని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. పరిశోధన వ్యాసం రాసేవాళ్ళకు అవి పనికొస్తాయి. ఒక్క మనిషి వెళ్ళి 14 యూనిట్లు చూసినప్పుడు, ఊహతో వేసిన మార్కు మీద ఎంత గణితం చేసినా చివర్లో దశాంశ స్థానాలు పెరుగుతాయే తప్ప నమ్మకం పెరగదు. ప్రతి యూనిట్‌లో ఎక్కువ డబ్బు ఎక్కడ పోతోందో తూకంలో తేలింది కదా, ఆ వరసలోనే ప్రాధాన్యం ఇవ్వండి. ఫౌండ్రీలో కరిగించే కరెంటు ముందుంటుంది, ప్లేటింగ్‌లో నీరు ముందుంటుంది. అందరికీ ఒకే కొలబద్ద పెట్టకండి.

ఇంత చెప్పాక కూడా మీ పైవాళ్ళు ఒకే అంకె కావాలని పట్టుబడితే, కూడి సగం చేయకుండా గుణించి వర్గమూలం తీయండి. లీన్ 80, గ్రీన్ 20 వచ్చిన యూనిట్‌కూ, రెండింటిలోనూ 50 వచ్చిన యూనిట్‌కూ సగటు 50 అనే వస్తుంది. వర్గమూలం తీస్తే మొదటిదానికి 40, రెండోదానికి 50 వస్తుంది. ఒకవైపు పరుగెత్తి రెండోవైపు కుంటే యూనిట్ కనీసం కొంత వెనకబడుతుంది. అయినా పక్కన రెండు అంకెలూ విడిగా రాసే ఇవ్వండి.

ఒక్కో యూనిట్‌కు రెండు రోజులు పెట్టుకోండి. బిల్లులు, చలాన్లు వారం ముందే తెప్పించుకోండి, మొదటి రోజు తూకం, రెండో రోజు రెండో షిఫ్టు వరకు షాపు. వీలైతే వారం సెలవు రోజున ఒక అరగంట కంప్రెసరు దగ్గర నిలబడిరండి. మీ 60 ప్రశ్నల్లో ‘విధానపత్రం ఉందా’, ‘శిక్షణ ఇచ్చారా’, ‘బోర్డు ఉందా’ అన్నవన్నీ కొట్టేస్తే ఇరవై, పాతిక మిగులుతాయి, అవి చాలు.

ఇక ప్లేటింగ్ బయటికి పంపే ఆ రెండు యూనిట్లు. మీ చెక్‌లిస్టు ప్రకారం గ్రీన్‌లో అవే మొదటి రెండు స్థానాల్లోకి వస్తాయి, ఎందుకంటే వాటిలో మురుగు లేదు, స్లడ్జ్ లేదు, క్రోమియం లేదు. సొంతంగా ప్లేటింగ్ చేసుకుంటూ, మూడంచెల జాడింపు పెట్టుకుని, మండలికి లెక్క చెప్పుకుంటున్న యూనిట్ వాటికన్నా కిందికి పోతుంది. ఒకసారి నేనిలాగే మార్కులు వేసి పంపాను. ఏడాది తిరక్కుండా ఆ పట్టికలో కిందున్న యజమాని కూడా ప్లేటింగ్ మూసేసి, ముక్కలను ఒక రేకుల షెడ్డుకు పంపడం మొదలుపెట్టాడు. ఆ షెడ్డులో జాడింపు ట్యాంకు ఒక్కటే, దాని నీరు వెనక మోరీలోకి. అతని మార్కు మాత్రం పెరిగింది. అందుకే ముక్క మీ గేటుకు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా చూడండి. ఆ ఇద్దరినీ ప్లేటింగ్ ఎక్కడ చేయిస్తున్నారో అడిగి, ఆ షాపును కూడా చూసివచ్చేవరకు వాళ్ళ గ్రీన్ గడిని ఖాళీగా ఉంచండి. చూపించడానికి ఒప్పుకోకపోతే ఆ గడిలో ఆ మాటే రాయండి.